పిల్లి లేని ‘ఇయర్ ఆఫ్ ద క్యాట్’: సగం కథే చెప్పే ఆల్బమ్ ఎలా పనిచేస్తుంది?

పాత ఇంగ్లిష్ పాటల ప్లేలిస్ట్ ఏది పెట్టినా ఎక్కడో ఒకచోట ఈ పాట తగులుతుంది. ముందు పియానో మొదలవుతుంది, గొంతు వినపడటానికే దాదాపు నిమిషం పడుతుంది, మధ్యలో గిటార్లు, ఆ తర్వాత శాక్సోఫోన్. అదే 1976లో ఆల్ స్టూవర్ట్ పాడిన ‘ఇయర్ ఆఫ్ ద క్యాట్’, అదే పేరున్న ఆల్బమ్‌లో చివరి పాట. కథలు చెప్పే ఆల్బమ్ అని దీనికి పెద్ద పేరు, కానీ విన్నవాళ్లని కథేంటని అడిగితే మాత్రం ఎవరో అమ్మాయి వచ్చిందంట, ఎక్కడికో తీసుకెళ్లిందంట, అంతే అంటారు. మొదలు లేదు, ముగింపు లేదు, పేరులో ఉన్న పిల్లి ఎక్కడా కనిపించదు. మరి కథల ఆల్బమ్ అని ఎందుకంటారు అనే డౌట్ చాలామందికి వస్తుంది, అది న్యాయమైన డౌటే.

నేను చెప్పదల్చుకుంది ఏంటంటే, ఈ ఆల్బమ్‌లో గొప్పదనం చెప్పిన కథలో కంటే వదిలేసిన కథలో ఎక్కువుంది, ఆ వదిలేసిన జాగాని సంగీతం నింపుతుంది. అది అర్థం కావాలంటే ముందు రెండు మూడు మాటలు తేల్చుకోవాలి.

సాఫ్ట్ రాక్ అంటే ఏది, ఏది కాదు

రాక్ అనగానే గట్టిగా అరిచే గొంతు, చెవులు హోరెత్తే గిటార్ గుర్తొస్తాయి. 1970ల మొదట్లో అమెరికాలో దాని పక్కనే ఇంకో పాయ బయల్దేరింది. జానపద బాణీ పాటల నుంచి వచ్చిన సింగర్లు అకూస్టిక్ గిటార్, పియానో ముందు పెట్టుకుని, డ్రమ్స్ సౌండ్ తగ్గించి, మెలొడీకి, మాటలకి చోటిచ్చారు. కరోల్ కింగ్, జేమ్స్ టేలర్ లాంటివాళ్లు ఆ దారిలో బాగా పేరు తెచ్చుకున్నారు. ఎఫ్ఎమ్ రేడియోలకి అది చాలా నప్పింది, వాళ్లే దీన్ని సాఫ్ట్ రాక్ అని అమ్ముకున్నారు కూడా.

ఇక్కడ కన్ఫ్యూజన్ ఎక్కడొస్తుందంటే, సాఫ్ట్ రాక్ అనేది పాటలో ఏముందో చెప్పే పేరు కాదు, అది ఎలా వినిపిస్తుందో చెప్పే పేరు. ప్రేమ పాట కావచ్చు, యుద్ధం గురించి కావచ్చు, తుపాకుల స్మగ్లింగ్ గురించి కూడా కావచ్చు, సౌండ్ మెత్తగా ఉంటే చాలు ఆ గంపలో వేసేస్తారు. అందుకే ఆల్ స్టూవర్ట్‌ని ఒకరు ఫోక్ రాక్ అంటారు, ఒకరు సాఫ్ట్ రాక్ అంటారు, ఇంకొకరు 2005లో ఒక ఆన్‌లైన్ వీడియో సిరీస్ వల్ల పాపులర్ అయిన యాట్ రాక్ అనే పేరు కింద కలిపేస్తారు. మాటలు చూసి పేరు పెట్టినవాళ్లకి ఫోక్ కనిపిస్తుంది, సౌండ్ చూసినవాళ్లకి సాఫ్ట్ రాక్ కనిపిస్తుంది. రెండూ తప్పు కాదు.

కథ చెప్పే పాటలన్నీ ఒకటే రకం కాదు

ఇది కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ఎక్కువ గందరగోళం ఇక్కడే ఉంది.

మొదటి రకం పూర్తి కథ ఉన్న పాట. హ్యారీ చాపిన్ 1972లో ‘టాక్సీ’ అని ఒక పాట చేశాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో వాన పడుతున్న రాత్రి ఒక టాక్సీ డ్రైవర్ బండిలో ఒకావిడ ఎక్కుతుంది, చూస్తే ఆమె ఒకప్పుడు అతను ప్రేమించిన అమ్మాయే. ఆమె నటి అవుదామనుకుంది, అతను పైలట్ అవుదామనుకున్నాడు. దిగేటప్పుడు రెండున్నర డాలర్ల బాడుగకి 20 డాలర్లిచ్చి చిల్లర ఉంచుకోమంటుంది, అతను ఉంచుకుంటాడు. మనుషులున్నారు, గతం ఉంది, మలుపు ఉంది, ముగింపు ఉంది. చిన్న కథ చదివినట్టే ఉంటుంది.

రెండో రకం నిజంగా జరిగినదాన్ని పాటగా చెప్పడం. 1975 నవంబర్ 10న అమెరికా, కెనడా మధ్యనున్న సుపీరియర్ సరస్సులో ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే సరుకు ఓడ మునిగి అందులో ఉన్న 29 మందీ చనిపోయారు. కెనడా సింగర్ గోర్డన్ లైట్‌ఫుట్ ఏడాది తిరక్కుండా దాని మీద పాట చేశాడు. ఇలాంటి పాటకి ఇంకో బాధ్యత ఉంటుంది, చనిపోయినవాళ్ల కుటుంబాలు వింటాయి కదా. సిబ్బంది మీద తప్పు పడేలా వినిపించే ఒక లైన్‌ని లైట్‌ఫుట్ చాలా ఏళ్ల తర్వాత కచేరీల్లో మార్చి పాడాడు.

మూడో రకం ముక్కల కథ. ఒక సీన్ మధ్యలో మనల్ని దించేస్తారు, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చెప్పరు, సీన్ అవ్వకముందే పాట ఆగిపోతుంది. ‘ఇయర్ ఆఫ్ ద క్యాట్’ ఆల్బమ్ ఎక్కువగా ఈ మూడో రకం. దీన్ని మొదటి రకం అనుకుని వింటే కథేది అని వెతుక్కుంటూ కూర్చుంటాం.

ఇంకో మాట, కథల ఆల్బమ్ అంటే మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒకటే కథ నడవాలని కొందరు అనుకుంటారు. దాన్ని కాన్సెప్ట్ ఆల్బమ్ అంటారు, ఇది అది కాదు. ఇందులో తొమ్మిది పాటలు, అన్నీ కలిపి నలభై నిమిషాల లోపే, దేని గోల దానిది. నిజం చెప్పాలంటే తొమ్మిదిలో అన్నీ కథలు కూడా కాదు. ‘శాండ్ ఇన్ యువర్ షూస్’ విడిపోయిన ప్రేమ మీద హాయిగా సాగే పాట, ‘ఇఫ్ ఇట్ డజంట్ కమ్ నాచురల్లీ, లీవ్ ఇట్’ ఉత్సాహంగా పరిగెత్తే రాక్ పాట, వాటిలో కథ కోసం తవ్వాల్సిన పన్లేదు. ఆల్బమ్‌కి ఆ పేరు తెచ్చింది ముఖ్యంగా నాలుగు పాటలు, వాటి దగ్గరే ఆగుదాం.

ఇక్కడిదాకా వచ్చిన దారి

ఆల్ స్టూవర్ట్ 1945లో గ్లాస్గోలో పుట్టాడు, పెరిగింది ఇంగ్లండ్ దక్షిణాన. అరవైల మధ్యలో లండన్ సోహోలోని ఫోక్ క్లబ్బుల్లో పాడేవాడు, ఆ రోజుల్లో అమెరికన్ సింగర్ పాల్ సైమన్‌తో ఒకే ఫ్లాట్‌లో ఉన్నాడు కూడా. మొదటి ఆల్బమ్ 1967లో వచ్చింది. మొదట్లో సొంత ప్రేమలు, సొంత దిగుళ్ల మీదే రాశాడు. 1973లో వచ్చిన ‘పాస్ట్, ప్రెజెంట్ అండ్ ఫ్యూచర్’ నుంచి చరిత్ర వైపు తిరిగాడు. అందులో ‘రోడ్స్ టు మాస్కో’ అని ఎనిమిది నిమిషాల పాట ఉంది, రెండో ప్రపంచ యుద్ధంలో ఒక సోవియట్ సైనికుడి కథ, జర్మన్లు చొరబడటం దగ్గర్నుంచి చివరికి సొంత దేశమే అతన్ని క్యాంపుకి పంపడం దాకా వరసగా చెప్తాడు. అంటే కథ పూర్తిగా చెప్పడం ఈయనకి రాక కాదు. మూడేళ్ల తర్వాత సగమే చెప్పాడంటే అది ఎంచుకున్న పద్ధతే.

ఈ మధ్యలో కలిసిన మనిషి అలన్ పార్సన్స్. పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బ్యాండ్ వాళ్ల 1973 నాటి ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’కి సౌండ్ ఇంజనీర్ ఆయనే. స్టూవర్ట్‌కి వరసగా మూడు ఆల్బమ్‌లు ప్రొడ్యూస్ చేశాడు, వాటిలో ఇది రెండోది, రికార్డింగ్ లండన్‌లోని అబ్బే రోడ్ స్టూడియోలో. ప్రతి వాయిద్యం దేని చోట అది విడివిడిగా, శుభ్రంగా వినిపించడం పార్సన్స్ చేతి పని. ఆ శుభ్రత మీద తర్వాత గొడవ కూడా ఉంది, దాని దగ్గరికి వస్తాను.

పేరు గ్రెన్‌విల్‌ది, గొంతు నావికులది

ఆల్బమ్ ‘లార్డ్ గ్రెన్‌విల్’తో మొదలవుతుంది. చరిత్రలో సర్ రిచర్డ్ గ్రెన్‌విల్ అనే ఇంగ్లిష్ నౌకాధిపతి ఉన్నాడు, మొదటి ఎలిజబెత్ రాణి కాలం వాడు. 1591లో అజోర్స్ దీవుల్లోని ఫ్లోరెస్ దగ్గర ‘రివెంజ్’ అనే ఒక్క ఓడతో 53 ఓడల స్పానిష్ దళాన్ని ఎదుర్కొన్నాడు, రాత్రంతా పోరాడాడు. ఇక లాభం లేదని తేలాక కూడా లొంగేది లేదు, ఓడని పేల్చి ముంచేయండి అన్నాడు. బతికున్న సిబ్బంది మాత్రం ఒప్పుకోలేదు, షరతుల మీద లొంగిపోయారు. గ్రెన్‌విల్ ఆ గాయాలతోనే చనిపోయాడు. తర్వాత ఇంగ్లండ్‌లో ఆయన్ని వీరుడిగా కీర్తిస్తూ పద్యాలు కూడా వచ్చాయి.

ఇదంతా తెలుసుకుని పాట వింటే అందులో యుద్ధం లేదు, ఫిరంగులు లేవు, గ్రెన్‌విల్ కూడా లేడు. వెళ్లి గ్రెన్‌విల్ గారికి చెప్పండి అని ఎవరో ఎవరికో కబురు పెడుతున్నారు, ఆటుపోటు తిరిగింది, లంగరు ఎత్తేస్తున్నాం, మేం తిరిగి రాం, ఇంట్లోవాళ్లని ఎదురుచూడొద్దని చెప్పండి. కెప్టెన్ లాగ్ పుస్తకం పేజీలు చించేయమంటారు, అంటే తమ గురించిన రికార్డే ఉండకూడదని. వీరుడి పేరు పెట్టి, వీరత్వం ఇక చాలనుకున్న మామూలు నావికుల నోట పాట పాడించాడు. చరిత్రలో ఆ ఓడ సిబ్బంది కూడా చావడానికి ఒప్పుకోలేదు కదా, నాకైతే ఆ మాట పాట వెనకాల వినిపిస్తూనే ఉంటుంది.

దీని మీద వేరే లెక్క కూడా ఉంది. గ్రెన్‌విల్ 1585లో అమెరికా తీరంలోని రోనోక్‌కి వలసదారుల్ని తీసుకెళ్లాడు, అప్పుడు ఆయన ఓడ ‘టైగర్’ తీరంలో ఇసుక మేటకి తగులుకుని తిండి సరుకు చాలావరకు పాడైంది. పాటలో మా కలలు నేలకి తగులుకున్నాయి అనే మాట, ఇక్కడ ఉండటానికేం లేదు అనే మాట ఆ వలస కథకి ఇంకా బాగా అతుకుతాయి. ఏది సరైనదని తేల్చే ఆధారం పాటలో లేదు, తేదీ లేదు. రెండు అర్థాలూ నిలబడతాయి, రెండిట్లోనూ బాధ ఒకటే, పైవాడి కలని కిందివాళ్లు మోసి మోసి అలిసిపోవడం.

ఒకే పాటలో మూడు సరిహద్దులు

రెండో పాట ‘ఆన్ ద బోర్డర్’. ముందుగా పట్టేసేది పీటర్ వైట్ వాయించిన స్పానిష్ గిటార్. మొదటి చరణంలో సాయంత్రం చేపల పడవలు బయల్దేరతాయి, వాటిలో ఉన్నవి తుపాకులు, స్పెయిన్ సరిహద్దు దాటిస్తున్నారు. ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో విడిపోవాలని సాయుధ పోరాటం నడుస్తున్న రోజులవి, నియంత ఫ్రాంకో చనిపోయింది 1975 నవంబర్‌లో. రెండో చరణంలో గోడ మీద మ్యాప్ రంగులు కారిపోతుంటాయి, ఆఫ్రికా నుంచి వచ్చే గాలులు మార్పు గురించి చెప్తుంటాయి, పొలాలకి నిప్పు పెడుతుంటారు. అప్పటి రొడీషియాలో తెల్ల మైనారిటీ ప్రభుత్వం మీద యుద్ధం నడుస్తోంది, ఆ దేశమే 1980లో జింబాబ్వే అయింది. ఆఫ్రికా మీదుగా మార్పు గాలి వీస్తోందని 1960లో బ్రిటన్ ప్రధాని మెక్‌మిలన్ కేప్‌టౌన్‌లో చేసిన ప్రసంగం కూడా ఆ లైన్‌లో వినిపిస్తుంది.

ఆ కారిపోతున్న మ్యాప్ మనకి కొంచెం దగ్గరి సంగతే. బ్రిటిష్ వాళ్ల మ్యాపుల్లో సామ్రాజ్యం మొత్తానికి ఒకటే గులాబీ ఎరుపు రంగు వేసేవాళ్లు, ఇండియా కూడా ఆ రంగులోనే ఉండేది. ఆ రంగు కారిపోవడమంటే సామ్రాజ్యం పోవడం. అది పాడుతున్నది ఒక బ్రిటిషర్ కాబట్టి దిగులుగా పాడాడా, సంతోషంగా పాడాడా అనే ప్రశ్న వస్తుంది. పాటలో పల్లవి లాంటి చోట నేను పెరిగిన ఊళ్లో ఏదీ అప్పట్లా లేదు, రోజూ చూస్తుంటే మాత్రం మార్పు కనపడదు అంటాడు. దాన్ని పాత రోజులు పోయాయనే బెంగగా తీసుకునేవాళ్లున్నారు. నేను మాత్రం చివరి చరణం చూసి ఒప్పుకోను, అక్కడ రాత్రి వానలో కిటికీలోంచి చూస్తే వీధిలో శతాబ్దం ఆత్మ నిలబడి మనమందరం సరిహద్దు మీదే ఉన్నామంటుంది. స్పెయిన్, ఆఫ్రికా తర్వాత మూడో సరిహద్దు వినేవాడిదే. మూడున్నర నిమిషాల లోపు పాట, మూడు సీన్లు, వాటిని కలిపే ఒక్క వాక్యం కూడా లేదు, కలపాల్సింది మనం.

ఏమీ జాన్సన్ అవ్వాలనుకున్న అమ్మాయి

రెండో సైడ్ మొదట్లో ‘ఫ్లయింగ్ సోర్సరీ’ వస్తుంది. ఇది బ్రిటిష్ పైలట్ ఏమీ జాన్సన్ గురించి అని చాలాచోట్ల చెప్తారు, కానీ మాటలు జాగ్రత్తగా వింటే అలా లేదు. ఏమీ జాన్సన్ 1930లో చిన్న జిప్సీ మాత్ విమానంలో ఒంటరిగా ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియా వెళ్లి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. పాటలో ఉన్నది గోడ మీద రైట్ సోదరులు ఎగిరిన కిట్టీ హాక్ ఫొటోలు పెట్టుకుని, చిన్నప్పట్నుంచీ తనే ఏమీ జాన్సన్ అనుకుంటూ పెరిగిన వేరే అమ్మాయి. ఆమెని ప్రేమించినవాడు నువ్వు అక్కడున్నావా అని పిలుస్తూ పాడుతున్నాడు.

తర్వాత ఇద్దరూ కలిసి ఎగురుతారు, రన్‌వే కనిపించే టైముకి మబ్బులు కమ్మేస్తాయి, కాక్‌పిట్ అంతా తెల్లగా అయిపోతుంది, తేరుకుని చూసేసరికి ఆకాశం ఖాళీ. ల్యాండింగ్ లైట్లు నువ్వు చూసి ఉండవు అంటాడు. ప్రమాదం జరిగిందా, లేక ఆమె వదిలేసి వెళ్లిపోవడాన్నే అలా చెప్పాడా? రెండూ నిజమయ్యేలా రాశాడు. పక్కనే కూర్చున్నవాడు బతికి ఎలా పాడుతున్నాడు అని అడిగితే విడిపోవడమే అనిపిస్తుంది. కానీ అసలు ఏమీ జాన్సన్ 1941 జనవరిలో పాడు వాతావరణంలో దారి తప్పి థేమ్స్ నది ముఖద్వారంలో పడిపోయింది, శవం కూడా దొరకలేదు. అది తెలిసినవాళ్లకి ఆ తెల్లటి మబ్బు వేరేలా వినిపిస్తుంది. చరిత్రని ఈయన వాడే పద్ధతే ఇది, పాఠంలా చెప్పడు, తెలిసినవాడికి ఇంకో పొర కనిపించేలా పేరొకటి వదిలి వెళ్తాడు, తెలియనివాడికి ప్రేమ కథ ఎలాగూ మిగులుతుంది.

స్టూవర్ట్ నాన్న 1945లో ఈయన పుట్టకముందే ట్రైనింగ్‌లో విమానం కూలి చనిపోయాడు. ఆ సంగతి తెలిశాక ఈ పాటని సొంత జీవితానికి ముడిపెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. పాటలో నాన్న అనే మాట లేదు, కాబట్టి అది పాట అర్థమని చెప్పడం కుదరదు, కానీ ఆకాశంలో కలిసిపోయిన మనిషిని నువ్వు అక్కడున్నావా అని అడిగే గొంతుకి అంత నిజం ఎక్కడ్నుంచి వచ్చిందో అనుకోకుండా ఉండలేం.

టైటిల్ పాటలో రాత్రి ఎక్కడుంది

ఇప్పుడు అసలు పాట. కథని సాదాగా చెప్తాను. నువ్వు అని మనల్నే పిలుస్తూ మొదలవుతుంది. పాత హాలీవుడ్ హీరో బోగార్ట్ సినిమాలోంచి ఊడిపడ్డట్టున్న ఒక ఉదయం, కాలం వెనక్కి తిరిగే ఒక దేశం, జనంలో నువ్వు నడుస్తుంటావు. బోగార్ట్, పీటర్ లోరీ పేర్లు రెండూ వినగానే 1942 నాటి ‘కాసాబ్లాంకా’ సినిమా గుర్తొస్తుంది, అందులో ఇద్దరూ ఉన్నారు. పట్టు గౌను వేసుకున్న అమ్మాయి ఎండలోంచి వస్తుంది. ఎవరు, ఎక్కడ్నుంచి అని అడిగితే పిల్లి సంవత్సరంలో వచ్చాను అంటుంది, అంతే. చెయ్యి పట్టుకుని నీలం పలకల గోడల పక్క నుంచి, బజారు కొట్ల దగ్గరున్న రహస్యమైన తలుపు దాకా తీసుకెళ్తుంది. లోపల ఏముందో చూద్దామని వెళ్తావు. పొద్దున్నే లేచేసరికి ఇంకా ఆమెతోనే ఉన్నావు, టూరిస్టులు ఎక్కిన బస్సు వెళ్లిపోయింది, నీ టికెట్ పోయింది. ఎప్పటికైనా వదిలి వెళ్తావని నీకు తెలుసు, ప్రస్తుతానికి ఉండిపోతావు.

పిల్లి సంవత్సరం అనేది వియత్నాం పంచాంగంలోది. మనకి ప్రభవ, విభవ అని సంవత్సరాలకి పేర్లున్నట్టే వాళ్లకి పన్నెండేళ్ల చక్రంలో జంతువుల పేర్లుంటాయి, చైనా వాళ్లు కుందేలు అనే చోట వియత్నాం వాళ్లు పిల్లి అంటారు. 1975 పిల్లి సంవత్సరం. అప్పుడు స్టూవర్ట్ గర్ల్‌ఫ్రెండ్ దగ్గరున్న వియత్నాం జ్యోతిషం పుస్తకంలో ఆ పేరు కనపడిందని ఆయనే చెప్పాడు. దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోయింది కూడా ఆ ఏడాది ఏప్రిల్ 30నే, దాంతో పాటని వియత్నాం యుద్ధానికి కలిపేవాళ్లున్నారు. పేరు వరకూ ఆ ముడి నిజమే, లోపల మాత్రం బజారు, నీలం పలకలు అన్నీ మొరాకో వైపు చూపిస్తాయి. పేరు ఒక దేశానిది, సీను ఇంకో దేశానిది.

ఇప్పుడు టైమ్ చూడండి. పాట మొత్తం 6 నిమిషాల 40 సెకన్లు. లోపల ఏముందో చూద్దాం అని తలుపు దగ్గరికి వచ్చిన మాట ఒకటి, తెల్లారింది అనే మాట ఇంకోటి. ఈ రెండిటి మధ్య ఒక్క మాట కూడా లేదు, పొడుగాటి వాద్య సంగీతం ఉంది. ముందు ఆండ్రూ పావెల్ సమకూర్చిన వయొలిన్లు పైకి లేస్తాయి, తర్వాత పీటర్ వైట్ అకూస్టిక్ గిటార్ మెల్లగా, పక్కనే కూర్చుని మాట్లాడుతున్నట్టు, దాని మీదికి టిమ్ రెన్విక్ ఎలక్ట్రిక్ గిటార్ తీగ సాగదీస్తూ వస్తుంది, ఆఖర్న ఫిల్ కెంజీ ఆల్టో శాక్సోఫోన్ గొంతెత్తుతుంది. ఒక్కో వాయిద్యం ముందుదాని కన్నా ఒక మెట్టు వేడిగా ఉంటుంది. కథలో తలుపు వెనకాల జరిగిన రాత్రి మొత్తం అక్కడే ఉంది. మాటల్లో చెప్పుంటే ఏదో ఒక రాత్రి అయ్యేది, చెప్పకపోబట్టి వినేవాడి ఊహకి వదిలినట్టైంది.

ఆ శాక్సోఫోన్ పెట్టాలన్న ఆలోచన పార్సన్స్‌ది, ఫోక్ నుంచి వచ్చిన స్టూవర్ట్ మొదట ఇష్టపడలేదు. ఇప్పుడు పాట అనగానే చాలామందికి గుర్తొచ్చేది అదే. సింగిల్‌గా, అంటే ఆ ఒక్క పాటనే విడిగా విడుదల చేసినప్పుడు నిడివి తగ్గించారు, కుదించాల్సి వస్తే మాటలు ఉంచి వాయిద్యాలే కదా కోస్తారు. చిన్న వెర్షన్ విన్నవాళ్లు కథేముంది ఇందులో అంటే వాళ్ల తప్పు కాదు, రాత్రి కురచైపోయింది. అయినా ఆ సింగిల్ 1977లో అమెరికా బిల్‌బోర్డ్ లిస్టులో 8వ స్థానానికి వెళ్లింది, ఆల్బమ్ 5వ స్థానం దాకా వెళ్లింది.

ట్యూన్ ముందు పుట్టిందంటే మాటలకి విలువుందా

ఇక్కడో చిక్కుంది. ఈ పాటకి మూలమైన పియానో బిట్ స్టూవర్ట్‌ది కాదు, ఆయన బ్యాండ్‌లోని పీటర్ వుడ్ టూర్‌లో సౌండ్ చెక్ అప్పుడు ఊరికే వాయించుకునేది. అది నచ్చి దాని మీద పాట కట్టాడు, వుడ్‌కి రచనలో వాటా పేరు కూడా ఇచ్చాడు. ఈ ఆల్బమ్‌లో సంగీతమంతా ముందు రికార్డ్ చేసి మాటలు తర్వాత రాశాడు. టైటిల్ పాటకైతే మొదట రాసిన కథే వేరు, ‘ఫుట్ ఆఫ్ ద స్టేజ్’ అని, టోనీ హాంకాక్ అనే బ్రిటిష్ కమెడియన్ గురించి. 1966లో స్టూవర్ట్ ఆయన షో చూశాడు, స్టేజీ మీద హాంకాక్ తన బతుకు మీద విరక్తిగా మాట్లాడుతుంటే జనం జోక్ అనుకుని నవ్వారు. రెండేళ్ల తర్వాత హాంకాక్ సిడ్నీలో ఆత్మహత్య చేసుకున్నాడు. అమెరికాలో హాంకాక్ ఎవరికీ తెలియదని రికార్డ్ కంపెనీ వద్దనడంతో ఆ మాటలు పోయి, చివరికి పిల్లి సంవత్సరం అమ్మాయి వచ్చింది.

ఇది విన్నాక కొందరంటారు, అదే ట్యూన్‌కి ఒకసారి చనిపోయిన కమెడియన్, ఇంకోసారి మొరాకో అమ్మాయి సరిపోతే ఇంక ఆ మాటలకి లోతెక్కడ, దొరికింది అతికించడమే కదా అని. ఆ వాదనని తోసేయలేం. కానీ తెలుగు సినిమా పాటలు వినే మనకి ఇదేం కొత్త? ట్యూన్ ముందొచ్చి దానికి మాటలు కూర్చడం మన దగ్గర ఎప్పట్నుంచో నడుస్తున్నదే, అందులోంచి గుండెలో ఉండిపోయే పాటలెన్నో వచ్చాయి. ట్యూన్ ముందుంటే రాసేవాడికి కథ కొలతలు తెలుస్తాయి, ఎక్కడ మాట ఆపాలో ఆ ట్యూనే చెప్తుంది. స్టూవర్ట్ మాటలు ఆ పొడుగాటి వాద్యం ముందు తలుపు దగ్గరే ఆగాయంటే, అవతల సంగీతం ఉందని ముందే తెలిసి రాసినట్టు ఉంది. ఇంకో సంగతి, టైటిల్ పాటకి సరిగ్గా ముందున్న ‘వన్ స్టేజ్ బిఫోర్’ కూడా స్టేజీ మీద నిలబడ్డ కళాకారుడి పాటే, ఇదే జనం ముందు పోయిన జన్మలో కూడా ఆడానా అని అనుమానపడతాడు. హాంకాక్‌తో సంబంధం ఉన్నా లేకపోయినా రెండూ పక్కపక్కనే వింటే నాకు మాత్రం ఆయనే గుర్తొస్తాడు.

మెత్తగా ఉండటం మీద, తూర్పుని అమ్ముకోవడం మీద అభ్యంతరాలు

సాఫ్ట్ రాక్ మీద ముఖ్యమైన ఫిర్యాదు ఏంటంటే అంతా నున్నగా ఉంటుంది, గీతలు, గరుకు ఏమీ ఉండవు, బాధ కూడా బాగా పాలిష్ చేసి వస్తుంది అని. సరిగ్గా అదే 1976లో బ్రిటన్‌లో పంక్ రాక్ ఊపందుకుంది, మూడు గిటార్ కార్డ్‌లు, కోపం, రెండు నిమిషాల్లో పాట ఖతం. పంక్ అభిమానుల చెవికి అబ్బే రోడ్‌లో తీరిగ్గా చేసిన ఆరున్నర నిమిషాల పాట విలాసంగా వినిపించడంలో ఆశ్చర్యం లేదు. ‘ఆన్ ద బోర్డర్’లో తుపాకులు, కాలుతున్న పొలాలు ఉన్నాయి, వినడానికి మాత్రం అందంగా ఉంటుంది, ఇది తప్పు కాదా అని అడగొచ్చు. దానికి రెండోవైపు నుంచి జవాబు ఏంటంటే, అరిచి చెప్తే వినేవాడు ముందే ఒక పక్షం ఎంచుకుంటాడు, మెత్తగా చెప్తే కాసేపు ఆ గదిలో కూర్చుంటాడు. స్టూవర్ట్ గొంతులో ఏడుపు, ఆవేశం ఉండవు, చూసింది చెప్పేవాడి తీరుంటుంది. గొంతు తీర్పు చెప్పకపోవడం వల్లే తీర్పు మన మీద పడుతుంది. ఇదే ఆల్బమ్‌లోని ‘మిడాస్ షాడో’ పాటలో మాత్రం ఈ పద్ధతి నాకు అంతగా పనిచేసినట్టు అనిపించదు, డబ్బు వెనకాల పడ్డ మనిషి మనకి బొమ్మగానే మిగులుతాడు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైంది. టైటిల్ పాటలో తూర్పు దేశం అంటే అగరుబత్తుల వాసన, పట్టు గౌను, పేరు లేని అందమైన అమ్మాయి, ప్రశ్నలకి జవాబివ్వని మిస్టరీ. పడమటివాళ్లు మనలాంటి దేశాలని ఎప్పుడూ ఇలాగే ఊహించుకుంటారు, అక్కడి మనుషులు వాళ్ల కలల్లో అలంకారాలు. వియత్నాం పంచాంగం తీసుకెళ్లి మొరాకో బజార్లో పెట్టడమే ఆ ఊహకి సాక్ష్యం అనేవాళ్ల మాటలో నిజముంది, ఆ అమ్మాయికి ఏం కావాలో పాట ఎక్కడా అడగదు. పాట తరఫున చెప్పగలిగింది ఒకటుంది. మొదటి లైన్‌లోనే ఇది సినిమాలోంచి వచ్చిన ఉదయం అని ఒప్పేసుకుంటుంది, నిజమైన దేశమని ఎక్కడా చెప్పుకోదు. ఆ నువ్వు అనే మనిషి కూడా ఒక టూరిస్టే, బస్సు తప్పిపోయినవాడు, ఎప్పటికైనా వెళ్లిపోతానని తెలిసీ ఉన్నవాడు. అతని ఊహ ఎంతవరకో పాటకి తెలుసు, అందుకే చివరి చరణంలో అతనికి మిగిలినవి రాత్రి మోగిన డప్పుల చప్పుడు, పోయిన టికెట్టు మాత్రమే. ఈ జవాబు అందరికీ సరిపోకపోవచ్చు, ఆ అమ్మాయి వైపు నుంచి ఇదే కథ ఎవరైనా రాస్తే ముందుగా వినేవాళ్లలో నేనూ ఉంటాను.